ఇటాలియన్ల పేటలో పాల అంగళ్లు

పితికిన పాలు కొన్ని గంటలలో అమ్ముడుపోవాలి, లేకపోతే చల్లబడాలి, అదీ కాకపోతే మరొక వస్తువుగా మారాలి. మొదటి రెండు పనులు మన సంఘానికీ, శీతలీకరణ కేంద్రానికీ రోజూ తెలిసినవే. మూడవదానిని గూర్చి తెలుసుకోవడానికి ఈ పాఠంలో సభ్యులను కొంచెం దూరం తీసుకొనిపోతున్నాము. అమెరికాలోని న్యూయార్కు నగరానికి ఉత్తర భాగాన బ్రాంక్స్ అనే ప్రాంతమున్నది. అందులో బెల్మాంట్ అనేది ఒక పేట. ఆ పేట నడిబొడ్డున సాగే వీధి పేరు ఆర్థర్ అవెన్యూ. నూరేళ్లకు పైగా ఇది ఇటలీ నుంచి వలస వచ్చినవారి పేటగా పేరుపడింది. రొట్టెలు, చేపలు, మాంసం, పాస్తా, వీటన్నిటితోపాటు చీజు అమ్మే అంగళ్లకు ఈ వీధి ప్రసిద్ధి.

ముందుగా ఒక మాట. చీజును కొందరు జున్ను అని తెనిగిస్తున్నారు. మన ఇండ్లలో జున్ను అంటే ఈనిన గేదె ముర్రుపాలలో బెల్లం, మిరియాల పొడి వేసి ఆవిరిమీద ఉడికించేది. చీజు అది కాదు. అందుచేత ఈ పాఠంలో చీజును చీజు అనే అంటాము.

మేస్త్రీ వెంట వచ్చినవారు

1880 తరువాత సుమారు 40 ఏళ్లలో 40 లక్షలమంది వరకు ఇటాలియన్లు అమెరికా చేరుకున్నారు. 1924లో అమెరికా ప్రభుత్వం వలసలను గట్టిగా బిగించే చట్టం చేయడంతో ఈ ప్రవాహం సన్నగిల్లింది. వచ్చినవారిలో ఎక్కువమంది దక్షిణ ఇటలీ పల్లెవాసులు. నేపుల్స్ చుట్టుపట్ల కంపానియా, ఇంకా దిగువన కలాబ్రియా, సముద్రం మధ్యనున్న సిసిలీ దీవి వారి స్వస్థలాలు. అక్కడ భూమి పెద్ద భూస్వాముల చేతిలో ఉండేది. పల్లెవాడు కౌలుకో కూలికో పనిచేసేవాడు.

ఓడ దిగిన మనిషికి భాష రాదు, పని ఎక్కడ దొరుకుతుందో తెలియదు. అతనిని పనిలో పెట్టించి, కూలిలో తన వాటా తీసుకొనే మధ్యవర్తి ఒకడుండేవాడు. ఇటాలియన్ భాషలో అతనిని పడ్రోనె అనేవారు. మన కోస్తా జిల్లాలనుంచి రంగూను వెళ్లిన కూలీల సంగతి పెద్దలవల్ల విన్నవారికి ఇది వింతగా తోచదు. అక్కడ మేస్త్రీ చేసిన పనే ఇక్కడ పడ్రోనె చేశాడు. దీనిని తట్టుకొనడానికి ఒక ఊరివాళ్లు ఒకచోట చేరి పరస్పర సహాయ సంఘాలు పెట్టుకున్నారు. నెలనెలా చందా వేసుకొని, జబ్బుపడిన సభ్యునికి సాయం చేయడం, చనిపోతే అంత్యక్రియలు జరిపించడం వాటి పని. సంఘం అనే మాట విలువ వారికి కష్టంలో తెలిసింది.

బెల్మాంట్ పక్కనే 1891లో ఏర్పడిన వృక్షశాస్త్ర ఉద్యానవనం, 1899లో తెరచిన జంతు ప్రదర్శనశాల ఉన్నాయి. ఆ తోటలలో తవ్వకం, రాతిపని చేసిన ఇటాలియన్ కూలీలు ఆ దగ్గరలోనే గదులు వెతుక్కున్నారు. నగరం దిగువ భాగంలోని ఇరుకు ఇండ్లనుంచి మరికొందరు రైలు పట్టాల వెంట ఇటు తరలివచ్చారు. 1906లో వారి చర్చి ఏర్పడింది. తరువాత అంగళ్లు లేచాయి.

ఇక్కడ పాలరైతులు గమనించవలసిన సంగతి ఒకటున్నది. ఈ పేటలో దొరికే తెల్లరొట్టె, మాంసం, మంచి చీజు ఆ పల్లెవాళ్లు తమ ఊళ్లలో రోజూ తిన్నవి కావు. అవి దొరల తిండి. పశువులను కాచినవాడు చీజును అమ్మి కౌలు కట్టేవాడు. అతని పిల్లలకు ముతక రొట్టె, పప్పుధాన్యాలు, ఆకుకూర. అమెరికాలో చేతికి కూలిడబ్బు వచ్చిన తరువాతనే తమ ప్రాంతపు మంచి తిండి వారి నోటికందింది. మన పల్లెలలోకూడా క్యానులో చివరి బొట్టు వరకు పోసి, ఇంట్లో పసిపిల్లలకు టీనీళ్లు పోసే కుటుంబాలు లేకపోలేదు. సంఘానికి పాలు ఎక్కువ రావాలని మేము కోరతాము. అయినా ఈ పద్ధతి మాకు సమ్మతం కాదు.

తోపుడుబండ్లనుంచి మార్కెట్టుకు

మొదట అంగళ్లకంటె తోపుడుబండ్లే ఎక్కువ. కూరగాయలు, పండ్లు, చేపలు బండిమీద పెట్టుకొని వీధి పొడవునా నిలబడేవారు. 1934నుంచి 1945 వరకు న్యూయార్కు మేయరుగా ఉన్న ఫియొరెల్లో లా గార్డియా స్వయంగా ఇటాలియన్ వలస కుటుంబంవాడు. అయినప్పటికీ ఆయనకు ఈ బండ్లంటే గిట్టదు. వీధులు మురికవుతున్నాయని, బండ్లవారు వానలో మంచులో నిలబడి అవస్థపడుతున్నారని ఆయన వాదన. 1939 ప్రపంచ ప్రదర్శనకు నగరం శుభ్రంగా కనబడాలనే ఉద్దేశంకూడా ఉన్నది. అందుచేత నగరంలో పలుచోట్ల పైకప్పుగల మార్కెట్లు కట్టించి బండ్లవారిని లోపలికి పంపాడు. ఆర్థర్ అవెన్యూ మార్కెట్టు 1940లో తెరిచారు. లోపల వ్యాపారులు తెల్లకోట్లు తొడుక్కోవాలని నియమం పెట్టారు. బండ్లన్నిటికీ లోపల చోటు చాలలేదు. కొందరి బతుకుతెరువు పోయింది. ఈ మార్కెట్లను పొగిడేవారు ఆ సంగతి సాధారణంగా వదిలివేస్తారు.

లా గార్డియా పేరు చెప్పినప్పుడు ఆర్టిచోక్ కథ చెప్పకుండా ఉండలేము. ఆర్టిచోక్ అనేది ముళ్ల జాతి మొక్క పూమొగ్గ. చూడడానికి తామరమొగ్గలా ఉంటుంది. ఇటాలియన్లకు అది ప్రీతి. కాలిఫోర్నియా నుంచి న్యూయార్కు వచ్చే చిన్న ఆర్టిచోక్ సరుకునంతా సీరో టెర్రనోవా అనే ముఠా నాయకుడు తన గుప్పిట్లో పెట్టుకున్నాడు. అతను చెప్పిన ధరకే చిల్లర వ్యాపారి కొనాలి. కాదంటే దెబ్బలు. 1935 డిసెంబరులో ఒక తెల్లవారుజామున మేయరు బ్రాంక్స్ టోకు మార్కెట్టుకు వెళ్లి, పోలీసులచేత బాకాలు ఊదించి, నగరంలో చిన్న ఆర్టిచోక్‌ల అమ్మకం నిషేధించినట్టు చదివి వినిపించాడు. సరుకే అమ్మకూడదంటే దళారీ చేతిలో ఏముంటుంది? మూడు రోజులలో నిషేధం ఎత్తివేశారు. ధర దిగింది. నాటకం కొంత ఉన్నమాట నిజమే కాని, సరుకు ఒక్క చేతిగుండా మాత్రమే పోవలసివస్తే పండించినవాడూ తినేవాడూ ఇద్దరూ ఎట్లా నష్టపోతారో దళారీలకు పాలు పోసిన పెద్దలకు వేరే చెప్పనక్కరలేదు.

ఆర్థర్ అవెన్యూ మార్కెట్టు భవనం నగరానిదే. లోపలి వ్యాపారులు సహకార పద్ధతిలో కలిసి దానిని నడుపుకొంటున్నారు. ఈ సంగతి మళ్లీ చివర ప్రస్తావిస్తాము.

వీధి వెంబడి

ఈ పేటకు రైలు నేరుగా పోదు. పేట పక్కగా పోయే ఎత్తు వంతెన రైలును 1973లో ఆపివేశారు. ఇప్పుడు ఫోర్డమ్ స్టేషనులో దిగి నడవాలి, లేదా బస్సెక్కాలి. 1970లలో బ్రాంక్స్ దక్షిణ భాగం ఇండ్లు తగులబడి, జనం వెళ్లిపోయి బీడుపడింది. ఆ రోజులలోకూడా బెల్మాంట్ అంగళ్లు తలుపులు మూయలేదు.

మడోనియా వారి రొట్టెల బట్టీ 1918 నాటిది. బొర్గాట్టి వారు 1935నుంచి గుడ్లు కలిపిన పిండిని పల్చగా ఒత్తి, మధ్య చీజు పెట్టి రవియోలి అనే చిన్న పొట్లాలు చేస్తున్నారు. మార్కెట్టులో ఒక మూల పొగాకు చుట్టలు చుట్టి అమ్ముతారు. టైటెల్ సోదరుల కిరాణా అంగడి 1915లో వెలిసింది. ఆ సోదరులు ఇటాలియన్లు కారు, ఆస్ట్రియానుంచి వచ్చిన యూదులు. గుమ్మం దగ్గర నేలమీద తమ మతచిహ్నమైన ఆరుకోణాల నక్షత్రాన్ని రంగురాళ్లతో పొదిగించుకున్నారు. ఆ నక్షత్రం తొక్కుకొంటూ లోపలికి పోయి మూడు తరాల ఇటాలియన్లు ఆలివ్ నూనె, టమాటా డబ్బాలు, ఎండు చీజు కొన్నారు. సరుకు మంచిదైతే కులగోత్రాలు అడిగేవాడు లేడు.

సాగే చీజు ఎట్లా చేస్తారు?

ఇక మన పాఠంలో అసలు భాగానికి వస్తున్నాము. ఈ వీధిలోనూ, పక్కనున్న 187వ వీధిలోనూ చీజు అంగళ్లున్నాయి. కలాండ్రా వారిదొకటి, కాసా డెల్లా మొజరెల్లా అనేదొకటి ప్రసిద్ధమైనవి. వీటి పేరు మొజరెల్లా అనే తాజా చీజుకు, రికోటా అనే మెత్తని చీజుకు వచ్చింది. మన పట్టణాలలో పిజ్జా తిన్న పిల్లలకు తీగలు తీగలుగా సాగే చీజు తెలుసు. అది మొజరెల్లాయే, అయితే కర్మాగారంలో నీరు తగ్గించి, ఎక్కువకాలం నిలవుండేటట్టు చేసినది. తాజాది వేరు. అది పాలవాసనతో, తెల్లగా, కొంచెం తడిగా ఉంటుంది. కోస్తే పాలనీరు కారుతుంది.

తయారీ ఇట్లా ఉంటుంది. శుభ్రమైన పాలను వేడిచేసి చల్లార్చి, సుమారు 35 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర తోడు వంటి సూక్ష్మజీవులను, రెన్నెట్ అనే పదార్థాన్ని కలుపుతారు. రెన్నెట్ పాలను గడ్డకట్టిస్తుంది. పూర్వం దీనిని దూడ పొట్టనుంచి తీసేవారు; మన దేశంలో చీజు కర్మాగారాలు సాధారణంగా సూక్ష్మజీవులనుంచి తయారైన రెన్నెట్ వాడుతున్నాయి. గడ్డను ముక్కలుగా కోస్తే తేట విడిపోతుంది. మిగిలిన గడ్డను కొన్ని గంటలు పులియనిస్తారు. ఈ గడ్డను అక్కడివారు కర్డ్ అంటారు, అది మన పెరుగు కాదు.

ఎంతసేపు పులియాలి అనేదే ఇందులో కిటుకు. గడ్డలోని మాంసకృత్తులను సున్నం, అంటే కాల్షియం, గట్టిగా పట్టి ఉంచుతుంది. పులుపు పెరిగేకొద్దీ ఆ సున్నం కొంత కరిగి తేటలోకి పోతుంది. ఆమ్లత కొలిచే పి.హెచ్. 5.2 ప్రాంతానికి దిగినప్పుడు గడ్డ సాగడానికి తయారవుతుంది. యంత్రం లేని అంగట్లోకూడా దీనికి పరీక్ష ఉన్నది. నిమ్మకాయంత ముక్క తీసి బాగా వేడి నీళ్లలో ముంచి రెండు చేతులా లాగుతారు. పుటుక్కున తెగితే పులుపు చాలలేదు. మూరెడు తీగగా సాగి మెరిస్తే సరిగ్గా ఉన్నది. పిండిలా విడిపోతే వేళ మించిపోయింది.

తరువాత గడ్డను సన్నగా తరిగి 80 డిగ్రీలకు పైబడిన నీళ్లు పోసి, చెక్క తెడ్డుతో ఎత్తుతూ మడుస్తూ పట్టులా నున్నగా అయ్యేవరకు సాగదీస్తారు. బొప్పట్ల పిండిని మన ఆడవాళ్లు నూనెచేత్తో మర్దించి సాగదీయడం చూసినవారు దీనిని ఊహించుకోగలరు. నీళ్లు మాత్రం చేయి కాలేటంత వేడి. నున్నబడిన ముద్దను పిడికిట్లో పట్టి, బొటనవేలు చూపుడువేలు మధ్య ఉండగా తెంచి చల్లనీళ్లలో వేస్తారు. ఇటాలియన్‌లో మొజారె అంటే తెంచడం. చీజు పేరు అందులోనుంచే వచ్చింది. ఉప్పు కావలసినవారికి ఉప్పునీళ్లలో వేసి ఇస్తారు.

న్యూయార్కు అంగళ్లలో చాలావరకు పాలనుంచి గడ్డ తీసే పని అంగట్లో జరగదు. పాల కర్మాగారం గడ్డ తయారుచేసి పంపుతుంది. అంగడివాడు సాగదీసి ముద్దచేసి అమ్ముతాడు. పని పంచుకొన్నారన్న మాట. పెద్ద యంత్రం కావలసినది పెద్దచోట, చేతివాటం కావలసినది కొనేవాని కళ్లెదుట. పొద్దున చేసినది అదేరోజు అమ్ముడుపోవడమే తాజా మొజరెల్లాకు గొప్ప. మరునాటికి ఫ్రిజ్‌లో పెడితే రబ్బరులా గట్టిపడుతుంది.

ఈ చీజుముందు పాలలో ఏ మోసమూ దాగదు. నీళ్లు కలిస్తే గడ్డ దిగుబడి తగ్గుతుంది. పాలు పులిసిన సంగతి తెలియకుండా సోడా కలిపితే రెన్నెట్ సరిగా పనిచేయదు, పులుపు ఎక్కవలసిన వేళకు ఎక్కదు, తీగ సాగదు. పొదుగువాపు వచ్చిన పశువు పాలు ఆలస్యంగా, వదులుగా గడ్డకడతాయి. ఆ వాపుకు మందు వేయించి, డాక్టరు చెప్పిన గడువు తీరకముందే పాలు పోస్తే, మందు అవశేషాలు తోడు సూక్ష్మజీవులను చంపివేస్తాయి. ఒక్క ఇంటి పాలతో ఒక తొట్టి పాలూ పనికిరాకుండా పోవచ్చు. ద్రవపాలుగా అమ్మినప్పుడు మరొకరి పాలలో కలిసిపోయే తప్పు చీజులో అందరికీ కనబడుతుంది. మన పాలను కూడా రేపు ఇట్లాంటి వస్తువులుగా మార్చాలంటే పని సేకరణ కేంద్రం బల్లదగ్గర మొదలు కావాలి, కర్మాగారంలో కాదు.

తేట కూడా సరుకే

100 లీటర్ల పాలనుంచి చీజు తీస్తే 80 లీటర్లకు పైగా తేట మిగులుతుంది. దక్షిణ ఇటలీ పేదవాడు దానిని పారబోయలేదు. తేటను 85, 90 డిగ్రీల వరకు కాస్తే అందులో మిగిలిన మాంసకృత్తులు తెల్లని తరకలుగా పైకి తేలుతాయి. వాటిని చిల్లుల గరిటెతో తీసి చిన్న బుట్టలలో వడగడితే వచ్చేది రికోటా. ఆ మాటకు అర్థమే మళ్లీ కాచినది అని. అమెరికాలో దిగుబడికోసం పాలుకూడా కలిపి, ఒక్కొక్కచోట పూర్తిగా పాలతోనే చేస్తారు. రవియోలి పొట్లాలలో పెట్టేది ఇదే. చక్కెర కలిపి కరకరలాడే గొట్టాలలో నింపితే కానోలి అనే మిఠాయి.

మనవైపు పన్నీరు తీసేచోట్ల తేట తరచు కాలువలోకి పోతున్నది. అది నీటికి చేసే చెరుపు తక్కువ కాదు. పన్నీరు తేటనుంచి రికోటా అంతగా రాదు. వేడిపాలను విరిచినప్పుడు ఆ మాంసకృత్తులు చాలావరకు పన్నీరులోనే చేరిపోతాయి. అయినా తేటలో పాలచక్కెర, లవణాలు ఉంటాయి. తేటతో పానీయాలు చేయడం, పొడి చేయడం అనే దారులున్నాయి.

చక్రంమీద సంఘం నంబరు

ఈ అంగళ్లలో తల ఎత్తి చూస్తే పైకప్పునుంచి తాళ్లతో కట్టిన చీజులు వేలాడుతుంటాయి. ప్రొవొలోనె సొరకాయల్లా పొడుగ్గా. కాచొకవాల్లో జంటగా కట్టి కర్రమీద అటొకటి ఇటొకటి వేసినట్టుగా. ఇవికూడా మొజరెల్లాలాగే వేడినీళ్లలో సాగదీసినవే. ఆరబెట్టి నెలల తరబడి ముదరనిస్తారు. తాజాదాన్ని ఒక్కరోజులో అమ్ముకోవాలి, ముదిరినదాన్ని కావలసినప్పుడు అమ్ముకోవచ్చు. ఒకే గడ్డ, రెండు రకాల వ్యాపారం.

బల్లమీద పెద్ద చక్రంలా కూర్చున్నది ఉత్తర ఇటలీనుంచి ఓడలో వచ్చిన పార్మిజానో. ఒక్కొక్క చక్రం సుమారు 40 కిలోలు. దానికి 500 లీటర్లకు పైగా పాలు పడతాయి. కనీసం 12 నెలలు ముదరాలి. సాయంత్రం పాలను రాత్రంతా వెడల్పు తొట్లలో ఉంచి, పైకి తేలిన మీగడ తీసి, ఉదయం పాలతో కలిపి దీనిని చేస్తారు. రెండు పూటల సేకరణ వాళ్లకూ ఉన్నదన్న మాట. ఈ చీజు చేసే డెయిరీలలో ఎక్కువభాగం పల్లె రైతుల సహకార సంఘాలే. చక్రం అంచుమీద చుక్కలతో చీజు పేరు, తయారైన నెల, సంవత్సరం, చేసిన డెయిరీ నంబరు అచ్చు పడి ఉంటాయి. బ్రాంక్స్‌లో కొన్నవాడికి అది ఏ డెయిరీ తొట్టిలోనుంచి వచ్చిందో ఆ నంబరు చెబుతుంది. మన క్యానుమీద వేసే సంఘం నంబరును గుర్తు తెచ్చుకోండి. మన నంబరు డెయిరీ గేటుదగ్గర ఆగిపోతుంది. వాళ్ల నంబరు సముద్రం దాటి కొనుగోలుదారు చేతిదాకా పోతుంది.

గేదెల సంగతి చెప్పకపోతే సభ్యులు మమ్మల్ని క్షమించరు. అసలైన మొజరెల్లా కంపానియాలో గేదెపాలతో చేసేది. అక్కడి గేదెలు మన ముర్రావలెనే నది జాతివి. ఆ జాతి పశువును మొదట మచ్చిక చేసింది మన ఉపఖండంలోనే. ఆ చీజు పేరుకు 1996లో యూరపులో చట్టరక్షణ లభించింది. ఆ ప్రాంతంలో, ఆ గేదెపాలతో, ఆ పద్ధతిలో చేయనిదానికి ఆ పేరు పెట్టరాదు. ఇటలీ గేదెపాలలో వెన్న 8 శాతం ప్రాంతంలో ఉంటుంది; ఆవుపాలకంటె చీజు దిగుబడి చాలా ఎక్కువ. అమెరికాలో గేదెలు అరుదు కాబట్టి ఆర్థర్ అవెన్యూలో చేతితో సాగదీసేది ఆవుపాల మొజరెల్లా. గేదెపాలది కావాలంటే ఇటలీనుంచి విమానంలో రావలసిందే. అక్కడ అంత ప్రియమైన గేదెపాలు మన ఇంటి దొడ్లో ఉన్నాయి.

రెండు పేటలు, రెండు దారులు

న్యూయార్కులో ఇటాలియన్ల పేట ఇదొక్కటే కాదు. దీనికంటె పేరుమోసినది నగరం దిగువభాగంలో మల్బరీ వీధి చుట్టుపట్లనున్న లిటిల్ ఇటలీ. 1950 నాటికి అక్కడ సగంమంది దాకా ఇటాలియన్ సంతతివారు. 2010 ప్రాంతపు లెక్కలు వచ్చేసరికి ఇటలీలో పుట్టినవారు దాదాపు కనబడలేదు. భూమి విలువ ఆకాశానికంటింది. యాత్రికులకోసం హోటళ్లు పెరిగాయి. 1892లో అక్కడ గ్రాండ్ వీధి మలుపున అల్లేవా వారు పెట్టిన చీజు అంగడి అమెరికాలోనే అతిపాత ఇటాలియన్ చీజు అంగడిగా చెప్పుకొనేవారు. కోవిడ్ రోజులలో వ్యాపారం పడిపోయింది, అద్దె బకాయిలు పెరిగాయి. 2023 మార్చిలో, 130 ఏళ్ల తరువాత, ఆ అంగడి ఆ మలుపు వదిలింది. చీజులో లోపం లేదు, కొనేవారి కొరత లేదు. కాలికింద నేల పరాయిది. అదే వీధిలో 1925లో వెలిసిన డి పాలో వారి అంగడి మాత్రం కొనసాగుతున్నది.

బెల్మాంట్‌లోకూడా ఇటాలియన్ కుటుంబాలు చాలావరకు శివార్లకు తరలిపోయాయి. అయినా చీజు చేసేవాడు, రొట్టె కాల్చేవాడు అక్కడే ఉండడంతో, వెళ్లిపోయినవారే శనివారాలు కార్లలో తిరిగివచ్చి వారం సరుకు కొనుక్కుపోతున్నారు. మార్కెట్టు వ్యాపారులు కలిసి నడుపుకొనడంవల్ల ఏ ఒక్క యజమానీ వారిని ఒక్కొక్కరిగా ఖాళీ చేయించే వీలులేదు. భూమి ధర తక్కువ కావడం, రైలు లేకపోవడం కూడా ఈ పేటను కాపాడాయేమో అని మాకు అనిపిస్తుంది. మంచి రైలు వచ్చి ఉంటే అద్దెలుకూడా ఆ రైలెక్కే వచ్చేవి.

ఖాళీ అయిన ఇండ్లలోకి 1970లు, 80ల నుంచి అల్బేనియన్లు, తరువాత మెక్సికన్లు వచ్చి చేరారు. అల్బేనియన్లు కొందరు పిజ్జా అంగళ్లు నడుపుతున్నారు. అక్కడ గాజు పెట్టెలో పిజ్జా పక్కన బురెక్ అనే వారి సొంత వంటకం ఉంటుంది. పల్చని పిండి పొరల మధ్య మాంసం, పాలకూర, లేదా చీజు పెట్టి కాల్చినది.